రిమార్కుల గడి

ఫిబ్రవరి 5, సోమవారం

మెలిండా ఇవాళ నన్ను ఆఫీసులోకి పిలిచి తలుపు వేసింది. ఆ అమ్మాయి ఈ యార్డుకి మేనేజరుగా వచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆ తలుపు ఆరుసార్లు వేసింది. ఆరుగురు డ్రైవర్లు వెళ్ళిపోయారు.

"కూర్చోండి డెల్మార్ గారూ."

"పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నాను. చెప్పు."

"ఏప్రిల్ ఒకటి నుంచి ఎఫింగ్‌హామ్‌లో మార్పిడి ఉండదండీ. ఒక్క డ్రైవరే మొత్తం దూరం తిరుగుతాడు. ఒక చివరి నుంచి రెండో చివరికి వెళ్ళి అదే రోజు వెనక్కి వస్తాడు. దీనివల్ల సామర్థ్యం పెరుగుతుంది."

"ఒక్క డ్రైవరంటే?"

"మీరో, క్లోవిస్ గారో. ఇంకా తేల్చుకోలేదు. వచ్చే నెల మధ్యలో ఇద్దరి రికార్డులూ చూసి చెబుతాను."

సామర్థ్యమట. ఇరవై రెండేళ్ళుగా నేను పియోరియాలో యంత్రాల విడిభాగాల ట్రెయిలర్ తగిలించుకుని బయల్దేరతాను. క్లోవిస్ థార్ప్ ఇవాన్స్‌విల్‌లో ప్లాస్టిక్ మూతల ట్రెయిలర్‌తో బయల్దేరతాడు. తొమ్మిదింటికి ఎఫింగ్‌హామ్‌లో కలుస్తాం. నా ట్రెయిలర్ వాడు తీసుకుంటాడు, వాడిది నేను తీసుకుంటాను. వచ్చిన దారినే వెనక్కి పోతాం. సరుకు మొత్తం దూరం వెళుతుంది, మనిషి మాత్రం సగం దూరం వెళ్ళి మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాడు. మనుషులు కనిపెట్టిన ఏర్పాట్లలో ఇంత తెలివైనది నేను ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు. అందుకే తీసేస్తున్నారు.

ఆ ఒక్క డ్రైవర్ని నేనే అవుతాను. రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 6, మంగళవారం

నాకు డెబ్బై ఒకటి. క్లోవిస్‌కి అరవై ఎనిమిది. వయసు చూస్తే వాడికి మొగ్గు. రికార్డు చూస్తే నాకే. నలభై మూడేళ్ళలో కొక్కెం ఊడి ఒక్క ట్రెయిలర్ కూడా నేల మీద పడేయలేదు.

రికార్డులు చూస్తానంది కదా, చూపిద్దాం. ఇవాళ ఎఫింగ్‌హామ్‌లో జేబు పుస్తకం ఒకటి కొన్నాను, ఎర్ర అట్టది. క్లోవిస్ చేసే తప్పులన్నీ తేదీలతో సహా అందులో రాస్తాను. మార్చి మధ్యలో మెలిండా బల్ల మీద పెడతాను. ఇది చాడీ కాదు, దాఖలా. రెండింటికీ తేడా తెలియకే పెద్ద పెద్ద రాజ్యాలు పోయాయి.

ఫిబ్రవరి 7, బుధవారం

తప్పు 1: వాడు వదిలిన ట్రెయిలర్‌ని నిలబెట్టే ఇనప కాళ్ళు సరిపడా దించలేదు. నా బండి కిందికి దూర్చడానికి పది నిమిషాలు వాటి మర తిప్పాల్సి వచ్చింది.

తప్పు 2: మార్పిడి కాగితం మీద పొద్దుతిరుగుడు గింజ పొట్టు. నమిలినది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

తప్పు 3: ఏడు నిమిషాలు ఆలస్యం. మంచు పడుతోందని సాకు. నా మీద మాత్రం పడలేదా?

ఫిబ్రవరి 13, మంగళవారం

ట్రెయిలర్ ముక్కున చిన్న రేకు పెట్టె ఉంటుంది. మార్పిడి కాగితం అందులో పెడతాం. కాగితం చివర ఒక గడి: రిమార్కులు. పదకొండేళ్ళుగా నాకూ క్లోవిస్‌కీ మధ్య జరిగిన సంభాషణంతా ఆ గడిలోనే జరిగింది.

కిందటి వారం నేను రాశాను: కుడివైపు వెనక దీపం వెలగడం లేదు, ఇది మూడోసారి చెప్పడం.

మర్నాడు వాడు రాశాడు: మార్చాను. సంతోషమా?

నేను రాశాను: ఈ కాగితంలో సంతోషానికి గడి లేదు.

ఇవాళ వాడు కాగితం అంచున చేత్తో ఒక గడి గీసి, పక్కన సంతోషం అని రాసి, లోపల సున్నా చుట్టి పంపాడు. కంపెనీ కాగితం మీద! తప్పు 4.

ఫిబ్రవరి 14, బుధవారం

ఎఫింగ్‌హామ్ హోటల్లో నేను కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. క్లోవిస్ కౌంటరు దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి కాఫీ తాగుతాడు. పావుగంట. ఏళ్ళ తరబడి ఇంతే. అక్కడ వడ్డించే లుర్లీన్ మా ఇద్దరి మధ్యా కెటిల్ పట్టుకుని తిరుగుతుంది.

ఇవాళ ఆవిడ నా ఎదుటి కుర్చీలో కూలబడింది. "ఏం బంగారం, కొత్త పుస్తకమా? కవిత్వం రాస్తున్నావా?"

"లెక్కలు."

"నా పేరుందా అందులో?"

"నువ్వేం తప్పు చేశావు?"

"ఓహో, తప్పుల పుస్తకమా!" అని గట్టిగా నవ్వింది. కౌంటరు వైపు తిరిగి, "క్లోవిస్, వింటున్నావా? నిన్ను అచ్చు వేయిస్తున్నాడు!" అంది.

క్లోవిస్ వెనక్కి తిరగలేదు. "పేరు సరిగ్గా రాయమను. థార్ప్. చివర ప," అన్నాడు. నాతో కాదు, కాఫీ కప్పుతో.

"వాడికి చెప్పు," అన్నాను లుర్లీన్‌తో, "స్పెల్లింగు నాకు నేర్పక్కర్లేదని."

"చూడండి, మీ ఇద్దరికీ టపా మొయ్యడానికి నాకు జీతం ఇవ్వరు. ఇద్దరూ కలిపితే నూట ముప్పై తొమ్మిదేళ్ళు. సిగ్గుండాలి."

లేచి వెళ్ళింది. ఈ కూడిక ఎప్పుడు చేసి పెట్టుకుందో.

ఫిబ్రవరి 18, ఆదివారం

వెల్డా ఫోను. నా భార్య ఆర్డిస్‌కి అక్క, నాకు వదిన. డెబ్బై ఎనిమిదేళ్ళు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక చేస్తుంది, నేను చర్చికి రాలేదని నాకే చెప్పడానికి.

"ఉద్యోగం మానెయ్యవయ్యా డెల్మార్. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చుగా. నీకు పుస్తకాలంటే ప్రాణం కదా."

"ఎవరెదురుగా కూర్చుని?"

 మాట మార్చి ఈస్టర్‌కి హామ్ తెస్తానంది. వద్దన్నాను. తెస్తుంది. వెల్డా హామ్ ఓవెన్లో పెట్టిందంటే అది ఆ పందికి రెండో చావు. గడ్డి నమిలినట్టుంటుంది. ఆర్డిస్ అంత్యక్రియల రోజున చర్చి కింది గదిలో వచ్చిన వాళ్ళందరికీ పెట్టిన సాండ్‌విచ్‌లలో ఉన్నది కూడా అదే హామ్. నూట ఇరవై మంది నమిలారు. ఒక్కరూ నోరెత్తలేదు. మా వాళ్ళ మర్యాద అలాంటిది, గొంతుకి అడ్డం పడ్డా బావుందంటారు.

ఫిబ్రవరి 20, మంగళవారం

బండిలో రోమనుల చరిత్ర మూడోసారి వింటున్నాను. లైబ్రరీ వాళ్ళ రికార్డింగు, తొమ్మిది భాగాలు. చదివేవాడికి ఒక్క పేరూ సరిగ్గా పలకడం రాదు. డికేటర్ దాటేసరికి ఒక చక్రవర్తి చచ్చిపోతాడు, ఎఫింగ్‌హామ్ రోడ్డు పక్క పెద్ద శిలువ కనబడేసరికి ఇంకొకడు. వాళ్ళలో చాలామందిని పక్కవాడే చంపాడు. ఆ పక్కవాడు అంతకు ముందు ఏళ్ళ తరబడి రోజూ ఎదుటపడుతున్నవాడే.

తప్పు 9: ట్రెయిలర్ ఎడమవైపు చక్రంలో గాలి తక్కువ.

ఫిబ్రవరి 26, సోమవారం

తప్పు 13: నేను వచ్చేసరికి భక్తి పాట ఈల వేస్తున్నాడు. శ్రుతి లేదు. (ఇది మెలిండాకి చూపించే ప్రతిలో ఉండదు.)

మార్చి 1, శుక్రవారం

లుర్లీన్ ఇవాళ సూటిగా అడిగింది. "అసలు మీ ఇద్దరికీ ఎక్కడ చెడింది బంగారం? వాడు నీ బండికి గీత పెట్టాడా?"

"కొన్ని విషయాలు చెప్పుకునేవి కావు," అన్నాను.

"అంటే గుర్తులేదు అన్నమాట."

గుర్తుంది. ఇక్కడైనా రాస్తాను, ఇది ఎవరూ చదవరు కదా. అంతకు ముందు పదకొండేళ్ళు మేం స్నేహితులం. రోజూ ఆ పావుగంట ఒకే బల్ల దగ్గర. ఆర్డిస్ పంపిన యాపిల్ కేకులో సగం వాడే తినేవాడు. ఆర్డిస్‌కి జబ్బు అని డాక్టర్లు తేల్చినప్పుడు నేను మొదట చెప్పింది వాడికే, ఆ హోటల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర. నవంబరులో తను పోయింది. గురువారం పదకొండున్నరకి చర్చిలో ప్రార్థన. యార్డంతా వచ్చింది. కంపెనీ పూలు పంపింది. క్లోవిస్ రాలేదు. కార్డు లేదు, ఒక పువ్వు లేదు, ఫోను లేదు.

సోమవారం నేను ఎఫింగ్‌హామ్ వెళితే ఎదురొచ్చి, "రోడ్డు బావుందా?" అన్నాడు.

నా భార్యని మట్టిలో పెట్టి వస్తే రోడ్డు బావుందా అన్నాడు.

జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ఇంక దేనికీ చెప్పలేదు. వాడూ మళ్ళీ అడగలేదు. ఒక్కసారి, ఒక్కసారైనా ఇంకో మాట అడిగి ఉంటే

సరే, చాలు.

మార్చి 5, మంగళవారం

పొగమంచు.

మార్చి 6, బుధవారం

నిన్న రాయలేదు. పొగమంచు అని మాత్రం రాశాను, అది నిజమే.

ఏం జరిగిందో రాస్తాను, ఎందుకంటే వాడు ఇంకో రకంగా చెబుతాడు. వాడి ట్రెయిలర్ కిందికి నా బండి వెనక్కి తోశాను. ట్రెయిలర్‌ని పట్టే కొక్కెం పడిన చప్పుడు వినిపించింది, లేదా వినిపించినట్టు అనిపించింది. దిగి గాలి గొట్టాలు తగిలించాను, ట్రెయిలర్ కాళ్ళు పైకెత్తాను. మార్పిడి కాగితం తీసి చూస్తే తడిసి ముద్దయి ఉంది. అది తప్పు 17. బండెక్కి పుస్తకం తీసి రాస్తున్నాను. రాయడం అయ్యాక బ్రేకులు వదలబోతుంటే ఎవరో తలుపు మీద పిడికిలితో గుద్దారు.

అద్దం దించాను. క్లోవిస్.

"కదలకు. నీ కొక్కెం పడలేదు."

పదకొండేళ్ళ తర్వాత నాతో వాడు అన్న మొదటి మాట ఇది.

"పడింది," అన్నాను. నేనన్న మొదటి మాట అది.

"పిడి బయటికే పొడుచుకొచ్చి ఉందిరా ముసలోడా. ఇక్కణ్ణించి కనపడుతోంది. కాస్త ముందుకి లాగి చూశావా?"

"చూశాను."

వాడు నా మొహంలోకి చూశాడు. వెళ్ళి ఆ బురదమంచులో మోకాళ్ళ మీద కూర్చుని ట్రెయిలర్ కాళ్ళు వాడే కిందికి దించాడు. నేను మళ్ళీ వెనక్కి తోశాను. ఈసారి చప్పుడు పొలాల అవతలికి వినిపించేలా పడింది. రెండుసార్లు ముందుకి లాగి చూశాను. దిగి టార్చి వేసి చూశాను. నేను దిగేసరికి వాడు తన బండెక్కి వెళ్ళిపోయాడు.

లాగి చూసేవాడినే. వాడు కాస్త ముందుగా వచ్చాడు, అంతే. బయల్దేరే ముందు చూసేవాడినే.

మార్చి 7, గురువారం

ఇవాళ్టి కాగితంలో తప్పకుండా రాస్తాడనుకున్నాను. ఆ కాగితాలన్నీ సాయంత్రానికి మెలిండా బల్ల మీదికి చేరతాయి. కొక్కెం పడకుండా బండి కదిలించబోయాడు అని ఒక్క ముక్క చాలు, నా పని అయిపోతుంది. డెబ్బై ఒక్క ఏళ్ళ వాడికి దానిమీద ఇంకో మాట అక్కర్లేదు.

పెట్టె తెరిచాను. రిమార్కులు: ఏమీ లేవు.

నిన్నటిది కూడా తీసి చూశాను. ఏమీ లేవు.

ఎందుకు రాయలేదు? నన్ను ఇలా ఆడిద్దామనే. రేపో ఎల్లుండో మెలిండాకి ఫోను చేసి నోటితోనే చెబుతాడు, అప్పుడు నా చేతిలో జవాబు చెప్పడానికి కాగితం కూడా ఉండదు. నేనైతే అదే చేసేవాణ్ణి.

వాడి కన్నా ముందు నేనే వెళ్ళాలి.

మార్చి 8, శుక్రవారం

"పాత మార్పిడి కాగితాలు కావాలి," అన్నాను మెలిండాతో.

"ఎంత పాతవి?"

"పదకొండేళ్ళవి."

"అవి కంప్యూటర్లో లేవండీ. కింద గదిలో డబ్బాల్లో ఉన్నాయి. పారేద్దామనుకుంటున్నా. దేనికి?"

"రికార్డులు చూస్తానన్నావుగా. పూర్తిగా చూడాలి మరి. క్లోవిస్ అలవాట్లు ఇవాళ్టివి కావు."

పెన్ను కింద పెట్టి నన్ను చూసింది. "డెల్మార్ గారూ, ఆయన మీ గురించి ఎప్పుడూ ఇలా అడగలేదు."

"వాడికి చదివే అలవాటు లేదు."

తాళాలు ఇచ్చింది. శనివారం పగలు వచ్చి చూసుకోమంది, బల్బు లేదు టార్చి తెచ్చుకోమంది.

మార్చి 9, శనివారం

పొద్దున్న తొమ్మిది నుంచి కింద గదిలోనే. డబ్బాలు ఎలకలు కొట్టాయి, అయినా తేదీల వారీగా ఉన్నాయి. మేం మాట్లాడటం మానేసిన రోజు నుంచి మొదలుపెట్టాలనిపించింది. రిమార్కుల పోరు అక్కణ్ణించే కదా మొదలు. ఆ నవంబరు డబ్బా తీశాను.

ఆ వారం కాగితాలు అయిదుండాలి. సోమవారం: నా సంతకం, వాడి సంతకం. మంగళ, బుధ, శుక్రవారాలు: వాడిదీ, నా బదులు వచ్చిన ఎవరో కుర్రాడిదీ.

గురువారం కాగితం. అప్పగించినవాడు: సి. థార్ప్. తీసుకున్నవాడు: సి. థార్ప్.

ఒకే చేతిరాత రెండుచోట్ల. మొదట నవ్వొచ్చింది. తప్పు 24 దొరికింది అనుకున్నాను. తనకి తనే అప్పగించుకున్నాడు వెధవ. పెన్ను కూడా తీశాను.

అప్పుడు సమయాలు చూశాను.

ఎఫింగ్‌హామ్‌లో మార్పిడి జరగలేదు. ఆ రోజు నా స్థానంలో ఎవరినీ పంపలేదు, దొరికి ఉండరు. క్లోవిస్ ఇవాన్స్‌విల్ నుంచి ఆపకుండా పియోరియా దాకా తోలుకొచ్చాడు. యార్డు చేరిన సమయం: 11.05. తిరిగి బయల్దేరింది: 1.20.

నా ట్రెయిలర్ ఆ రోజు ఎవరు తీసుకెళ్ళారో నేను ఎప్పుడూ అడగలేదు. ఎవరో తీసుకెళ్ళారు. నలభై మూడేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, ట్రెయిలర్ దానంతటది నడిచి పోదని తెలిసినవాణ్ణి, అడగలేదు.

యార్డులో రెండుంపావు గంటలు ఆగితే కారణం రాయాలి. రిమార్కుల గడిలో వాడు ఒక్క మాట రాశాడు.

భోజనం.

మార్చి 10, ఆదివారం

క్లోవిస్ దారిలో భోజనానికి ఆగగా ఇరవై రెండేళ్ళలో నేను చూడలేదు. ఉప్పు బిస్కట్లు, పొద్దుతిరుగుడు గింజలు, అంతే. బండి ఆపితే మళ్ళీ బయల్దేరబుద్ధి కాదంటాడు.

యార్డుకీ మా చర్చికీ మధ్య నడిచినా పది నిమిషాలు.

వెల్డా ఫోను చేస్తే ఎత్తలేదు.

మార్చి 11, సోమవారం

ఎఫింగ్‌హామ్‌లో వాడు కౌంటరు దగ్గర, నేను కిటికీ దగ్గర. అడుగుదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ లుర్లీన్ పంచదార కావాలా అంది. పంచదార రెండు పొట్లాలు తెచ్చుకున్నాను. నేను పంచదార వేసుకోను.

మార్చి 12, మంగళవారం

ఎర్ర పుస్తకం మొత్తం చదివాను. ఇరవై మూడు తప్పులు. దీపాలు, గాలి, పొట్టు, ఈల. వాటిలో ఒక్కటి కూడా మనిషి ప్రాణం తీసేది కాదు.

నా తప్పు ఒక్కటే. ఆ రోజు లాగి చూడలేదు. లాగి చూశానని వాడితో అబద్ధం చెప్పాను, మర్నాడు ఇక్కడ కూడా చూసేవాడినే అని రాసుకున్నాను. లాగి చూడకపోవడానికి కారణం పొగమంచు కాదు, వయసు కూడా కాదు. వాడి తప్పు రాసుకోవడంలో మునిగిపోయాను. రోడ్డెక్కే మలుపులో నా వెనక చిన్న నీలం కారు ఒకటి ఆగి ఉంది, లోపల తలకి స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ. అద్దంలో చూశాను; ట్రెయిలర్ ఊడి ఉంటే ఆ మలుపులోనే ఊడేది. ఇప్పటిదాకా రాయలేదు.

మార్చి 13, బుధవారం

ఇది క్లోవిస్ కోసం కాదు. కాగితం సరిగ్గా ఉండాలి, అంతే. తప్పుడు కాగితాలతో ఏ పనీ నిలవదు.

ఇవాళ్టి మార్పిడి కాగితంలో రిమార్కుల గడిలో రాశాను: మార్చి 5న కొక్కెం పడకుండానే బండి కదిలించబోయాను. లాగి చూడలేదు. కనిపెట్టి ఆపినవాడు సి. థార్ప్. ఆ రోజు రాయవలసింది, రాయలేదు. డి. రైంకె.

ఒక ప్రతి నాకు, ఒకటి పెట్టెలోకి. బండి కదిలించే ముందు అద్దంలో చూస్తే క్లోవిస్ పెట్టె తెరిచి చదువుతున్నాడు. చాలాసేపు చదివాడు. అంత పెద్ద రిమార్కు కాదు.

మార్చి 14, గురువారం

మెలిండా తలుపు వేసింది.

"ఇది మీరే రాశారా?"

"నా సంతకం ఉంది కదా."

"ఇది రాయకపోయి ఉంటే ఈ రోడ్డు మీకే ఇద్దామనుకున్నానండీ. మీ రికార్డు అంత శుభ్రంగా ఉంది. నిన్ననే కాగితం సిద్ధం చేశాను కూడా."

ఆ మాట ఆ అమ్మాయి చెప్పకుండా ఉండొచ్చు. చెప్పింది. ఈ తరం వాళ్ళకి నిజాయితీ అంటే ఇదే.

"ఇప్పుడు?"

"ఇది చూశాక ఏప్రిల్ నుంచి మిమ్మల్ని ఆ రోడ్డు మీదికి పంపలేను. మీకూ తెలుసు. యార్డులో పని ఉంది. ట్రెయిలర్లు ఇటూ అటూ జరపాలి, వచ్చిన బండికి తగిలించి ఇవ్వాలి. ఉదయం మాత్రమే. ఆలోచించుకోండి."

"గేటు లోపల తిరిగే గానుగెద్దు పని."

"అవునండీ."

ఆలోచిస్తానన్నాను. లేచి తలుపు నేనే తీశాను.

మార్చి 15, శుక్రవారం

క్లోవిస్ రిమార్కు: ఎందుకు రాశావు బుద్ధిలేనోడా?

నేను రాయలేదు. గడి చిన్నది.

మార్చి 29, శుక్రవారం

చివరి మార్పిడి. గుడ్ ఫ్రైడే అయినా సరుకు ఆగదు.

వాడు కౌంటరు దగ్గరికి పోలేదు. కాఫీ పట్టుకుని వచ్చి నా బల్లకి ఎదురుగా కూర్చున్నాడు. అడగలేదు, కూర్చున్నాడు. లుర్లీన్ కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"పోసి పో," అన్నాను.

"చూడనీ బంగారం. మళ్ళీ దొరకదు," అని, పోసి, కదల్లేదు.

గింజలు అరచేతిలో పోసుకుని ఏరుతున్నాడు క్లోవిస్. వేళ్ళు కీళ్ళ దగ్గర వాచి ఉన్నాయి. అది నా పుస్తకంలో లేదు, ఎప్పుడూ గమనించలేదు.

"ఆ నవంబరు గురువారం," అన్నాను. "పియోరియాలో రెండుంపావు గంటలు ఆగావు. రిమార్కుల్లో భోజనం అని రాశావు."

"రాసుంటాను."

"ఏం తిన్నావు?"

తల ఎత్తాడు. "ఏం తినడమేంట్రా? మీ చర్చి కింద పెట్టారుగా. హామ్ సాండ్‌విచ్."

"నువ్వు అక్కడికి వచ్చావా?"

"పని బట్టల్లోనే వచ్చాను, గ్రీజు మరకలతో. పైన ప్రార్థనలో వెనక నిలబడ్డాను. కింద లైన్లో కూడా నిలబడ్డాను నీ దగ్గరికి వద్దామని. నువ్వు గోడవైపు తిరిగి కూర్చున్నావు. పదిమంది చుట్టూ ఉన్నారు. ఏదో పెద్దావిడ వచ్చి నా చేతిలో పళ్ళెం పెట్టింది. తిన్నాను. టైమయింది. నీ ట్రెయిలర్ ఇవాన్స్‌విల్ చేరాలి కదా, ఇంకెవరు తీసుకెళతారు?"

"సోమవారం రోడ్డు బావుందా అన్నావు."

"మరేమనాలి? వచ్చానుగా. నన్ను చూశావనుకున్నాను. ఇంకేం మాట్లాడాలో తెలీలేదు, రోడ్డు గురించి అడిగాను. నువ్వు మాట్లాడ్డం మానేశావు. సరే, దుఃఖంలో ఉన్నాడు, కొన్నాళ్ళు పడుతుందిలే అనుకున్నా."

"పదకొండేళ్ళా?"

"నేనేం తొందరలో లేను."

లుర్లీన్ ఏప్రాన్‌తో మొహం తుడుచుకుని ఎవరో పిలిచినట్టు వెళ్ళిపోయింది. ఎవరూ పిలవలేదు.

పొట్టు దులుపుకుని క్లోవిస్ అన్నాడు: "ఒకటి చెప్పనా? కోప్పడకు."

"చెప్పు."

"ఆ హామ్ ఎవరు చేశారో గానీ, యార్డుకి నడుస్తున్నంతసేపూ నములుతూనే ఉన్నాను. వారం దాకా పళ్ళలో ఉండిపోయింది."

"అది మా వదిన."

"అయ్యో, తప్పుగా అనుకోకు..."

"పదకొండేళ్ళుగా ఆ మాట ఒక్క మనిషైనా అంటాడేమోనని చూస్తున్నాను," అన్నాను. కప్పు ఎత్తి సగం ఒక్క గుక్కలో తాగాను. కాఫీ వేడి.

బయటికొచ్చి చివరి ట్రెయిలర్ తగిలించుకున్నాను. రెండుసార్లు లాగి చూశాను. వాడు వచ్చి వంగి తను కూడా చూశాడు. అవసరం లేదు. చూడనిచ్చాను.

మార్చి 31, ఆదివారం, ఈస్టర్

వెల్డా వచ్చింది. హామ్ వచ్చింది. రెండు ముక్కలు తిని బావుందన్నాను. నాకూ ఆ మర్యాద ఉంది, ఏం చేస్తాం.

మెలిండాకి ఫోను చేసి రేపు ఉదయం వస్తానని చెప్పాను. "చాలా సంతోషమండీ!" అంది. సంతోషపడాల్సింది ఏమీ లేదన్నాను. గేటు లోపల గంటకి అయిదు మైళ్ళ వేగంతో తిరగడానికి నలభై మూడేళ్ళ అనుభవం కావాలా? మొదటి బండి ఇవాన్స్‌విల్ నుంచి పదిన్నరకి వస్తుంది, క్లోవిస్‌దే. ట్రెయిలర్ నేనే తగిలించి ఇవ్వాలి. వాడు వంకరగా ఆపుతాడు, ఎప్పుడూ అంతే, ఇంక దగ్గరుండి చెప్పొచ్చు.

వెల్డా వెళ్ళాక మిగిలిన హామ్ రెండు సాండ్‌విచ్‌లు చేసి కాగితంలో చుట్టాను. వెన్న రాయలేదు, ఆవముద్ద వేయలేదు. అలా చేస్తే అసలు రుచి తెలియదు.

వాడు రిమార్కుల్లో ఏం రాస్తాడో చూడాలి.